కౌన్సెలింగ్ చదవాలంటే శ్రీకాకుళం నుంచి దారేటి?

ఆమదాలవలస_అమ్మాయి

నమస్కారం అందరికీ. బీఏ ఆఖరి ఏడాది, సైకాలజీ మైనర్ మాత్రమే. కౌన్సెలింగ్‌లోకి రావాలని ఉంది. మూడు సందేహాలు. ఇంటి దగ్గరే ఉండి దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేస్తే చాలా, రెగ్యులర్‌గానే చదవాలా? కౌన్సెలర్, క్లినికల్ సైకాలజిస్ట్ అంటారు కదా, ఆ రెండు దారులూ ఎక్కడ విడిపోతాయి? పీజీ రెండేళ్లలో ఏం వస్తే పని వచ్చినట్టు? "ఉజ్జోగాలు లేవు, బీఈడీ చేసుకో" అన్న సలహా ఊరంతా ఇచ్చేశారు కాబట్టి దయచేసి అది మాత్రం వద్దు.

కోట_వెనక_వీధి

దూరవిద్య సంగతి ముందు తేల్చేద్దాం. ఆ తలుపు మూసేశారు. 2025 జులై–ఆగస్టు అడ్మిషన్ల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్తవాళ్లకి చెప్పొద్దని యూజీసీ యూనివర్సిటీలకి చెప్పింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన కేంద్ర చట్టం పరిధిలోకి ఈ సబ్జెక్టు రావడమే కారణం. నా మట్టుకు నాకు అది సబబుగానే ఉంది. ఇంకా ఎవరైనా "ఇంట్లోనే ఎంఏ సైకాలజీ, అడ్మిషన్లు జరుగుచున్నవి" అని ఏడు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కడితే, డబ్బు కట్టకముందే యూజీసీ దూరవిద్య విభాగం సైట్‌లో ఆ ఏటి జాబితా తెరవండి. అందులో యూనివర్సిటీ పేరు ఉంటే సరిపోదు, కోర్సు పేరు ఉండాలి. యూనివర్సిటీకి అనుమతి ఉంటుంది, ఈ కోర్సుకి ఉండదు. మోసపోయేది అక్కడే.

ఇక రెండోది. క్లినికల్ సైకాలజిస్ట్ అని ఎవరు పడితే వాళ్లు బోర్డు పెట్టుకోకూడదు. భారత పునరావాస మండలి, అందరూ ఆర్‌సీఐ అనేది, 1992 నాటి చట్టంతో నడుస్తుంది. అది ఆమోదించిన కోర్సు చేసి, దాని కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకున్నాకే ఆ బోర్డు. రిజిస్టర్‌లో లేకుండా ప్రాక్టీస్ చేస్తే 13వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా చూస్తే నవ్వొస్తుంది గానీ జైలు మాట నవ్వుకునేది కాదు.

ఇన్నాళ్లూ ఆ రిజిస్టర్‌కి మామూలు మెట్టు రెండేళ్ల ఎంఫిల్. ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీలో 55 శాతం ఉంటే ఎంట్రన్స్ రాయొచ్చు, రిజర్వేషన్ వర్గాలకి 50. మిగతా సబ్జెక్టుల్లో ఎంఫిల్ ఎత్తేసినా, క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కి మాత్రం 2025–26 దాకా యూజీసీ గడువిచ్చింది. ఇకమీదట ఏ పేరుతో కోర్సు కనబడినా ఒక్కటే పరీక్ష: ఆర్‌సీఐ సైట్‌లో ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, ఆ విద్యాసంవత్సరం, మూడూ ఒకే వరసలో ఉన్నాయా లేదా. కాలేజీ ఆఫీసులో చూపించే పాత ఆమోదపత్రం కాగితం కింద లెక్క.

కౌన్సెలర్‌కి ఎంఫిల్ అక్కర్లేదు, పీజీ చాలు. అయితే రోగం పేరు పెట్టడం, క్లినికల్ పరీక్షలు చేసి సర్టిఫికెట్ రాయడం వాళ్ల పని కాదు. 2021 చట్టం షెడ్యూల్‌లో ఆర్‌సీఐ కిందకి రాని సైకాలజిస్టులు, ఆరోగ్య కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, హెచ్‌ఐవీ, కుటుంబ నియంత్రణ కౌన్సెలర్లు అందరూ ఉన్నారు. రాష్ట్ర కౌన్సిళ్ల రిజిస్టర్లు నడిచేది ఆ చట్టం మీదే. అందుకని మార్కుల జాబితాలతో పాటు సిలబస్ కాపీ, ఫీల్డ్‌వర్క్ గంటల కాగితాలు ఇప్పట్నుంచే దాచుకోవాలి. సిలబస్ కాపీ ఎవరూ దాచరు. అయిదేళ్ల తర్వాత డిపార్ట్‌మెంట్ గుమ్మం ముందు నిలబడి అడుక్కోవాల్సింది దాని కోసమే.

రణస్థలం_రాజు

ఇంత చట్టం చెప్తే పిల్ల బెదిరిపోద్ది మాస్టారూ. అసలు మన జిల్లాల్లో కౌన్సెలర్ పోస్టుల ప్రకటనలు చూడండి. జిల్లా బాలల సంరక్షణ యూనిట్, సఖి కేంద్రం (హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసేది), హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం, డీఎడిక్షన్ సెంటర్, వీటిల్లో చాలావాటికి సైకాలజీ పీజీతో సమానంగా ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) వాళ్లనీ తీసుకుంటారు. ఎంఎస్‌డబ్ల్యూలో వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ ఉంటాది. సైకాలజీ ఎంఏలో రెండేళ్లు ల్యాబ్‌లో అద్దం ముందు నక్షత్రం బొమ్మ గీయించి పంపేస్తే ఆ పిల్లకి మనిషితో మాటాడ్డం ఎప్పుడు వస్తాది?

నాగావళి_మాస్టారు

రాజుగారు అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. ఎంఎస్‌డబ్ల్యూలో వ్యవస్థ తెలుస్తుంది. పింఛను ఎవరిస్తారు, బాలల సంక్షేమ కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది, గృహహింస కేసులో మొదటి కాగితం ఎవరు రాయాలి, ఇవన్నీ వస్తాయి. మనిషి లోపల ఏం జరుగుతోందో గంటసేపు వినడం మాత్రం అక్కడా పైపైనే. పైగా రేపు క్లినికల్ వైపు తిరగాలనిపిస్తే సైకాలజీ పీజీ లేనిదే కుదరదు. ఎంఎస్‌డబ్ల్యూ నుంచి సైకియాట్రిక్ సోషల్ వర్క్ వైపు వెళ్లొచ్చు, క్లినికల్ సైకాలజీ వైపు వెళ్లలేరు. ఆ అమ్మాయి తేల్చుకోవాల్సింది అదీ.

చేరే విధానం: రాష్ట్ర యూనివర్సిటీల ఎంఏ, ఎంఎస్సీ సీట్లు ఏపీ పీజీసెట్ ప్రవేశపరీక్ష మీద. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకి మార్కు కోత లేదు. కేంద్ర యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ విడిగా రాయాలి. సైకాలజీ సీటుకి పీజీసెట్‌లో ఏ పేపరు రాయాలో, మైనర్‌తో అర్హత ఉందో లేదో ఆ ఏటి బుక్‌లెట్‌లో పట్టిక ఉంటుంది. దరఖాస్తు పెట్టే ముందే చూడాలి. పేపరు తప్పు ఎంచుకుంటే ర్యాంకు వచ్చినా కౌన్సెలింగ్‌లో (సీట్ల కౌన్సెలింగ్‌లో!) మీ పేరు రాదు.

మనకి దగ్గర్లో పేరున్నది విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ డిపార్ట్‌మెంటు. దాని పూర్తి పేరు సైకాలజీ అండ్ పారాసైకాలజీ. కోనేరు రామకృష్ణారావు గారు పెట్టిన విభాగం, ఆయనే తర్వాత ఆ యూనివర్సిటీకి వీసీ కూడా అయ్యారు. పేరు చూసి అక్కడ దయ్యాల చదువు చెప్తారనుకోకండి, సిలబస్ మామూలు సైకాలజీయే. విజయనగరం నుంచి రోజూ రైలు మీద వెళ్లి రావడం కుదురుతుంది. ఆమదాలవలస నుంచి క్లాసులకైతే ఎలాగోలా కుదురుతుంది గానీ ఫీల్డ్‌వర్క్ సెమిస్టర్లో కుదరదు. ఉదయం ఎనిమిదిన్నరకి వార్డులో ఉండాలంటే హాస్టల్ చూసుకోవాల్సిందే.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకులూ బిల్డింగులూ పక్కన పెట్టి డిపార్ట్‌మెంట్‌లో నాలుగు మాటలు అడగండి. ప్రాక్టికమ్ (చేసి నేర్చుకునే పని) ఎన్ని గంటలు? ఆ గంటల్లో ఎదురుగా మనిషి కూర్చున్నవి ఎన్ని? విద్యార్థి చేసిన సెషన్‌ని ఎవరు వింటారు, వారానికి ఎంతసేపు? ఆఖరి సెమిస్టర్ విద్యార్థి రాసిన ఒక కేస్ రిపోర్ట్, పేర్లు తీసేసి, చూపిస్తారా? మూడో ప్రశ్నకి "అందరం చూసుకుంటాం" అన్న జవాబు వస్తే ఎవరూ చూడరనే అర్థం.

ఆమదాలవలస_అమ్మాయి

ధన్యవాదాలు మాస్టారూ. ఒకవేళ ఆ సూపర్‌విజన్, అదే మా సెషన్ విని దిద్దడం, సరిగా లేని చోటే సీటు వస్తే? మాకు మేం చేసుకోగలిగింది ఏమైనా ఉందా?

నాగావళి_మాస్టారు

ఉందమ్మా. ముగ్గురు క్లాస్‌మేట్లు కుదిరితే చాలు. ఒకరు కౌన్సెలర్, ఒకరు క్లయింటు, ఒకరు చూసేవాళ్లు. 15 నిమిషాలు మాటలు, 5 నిమిషాలు చూసినవాళ్ల మాట, తర్వాత స్థానాలు మార్చుకోవడం. గంటలో ముగ్గురికీ తిరుగుతుంది. క్లయింటుగా కూర్చునేవాళ్లు పెద్ద కష్టం నటించకూడదు. ఈ వారంలో నిజంగా చిరాకు పెట్టిన చిన్న విషయం ఒకటి తెచ్చుకోవాలి. నటిస్తే ఎదుటివాళ్లు నటనకే జవాబిస్తారు.

ఫోన్‌లో రికార్డు చేసి, అందులో పది నిమిషాలు ఎంచుకుని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టండి. నాలుగు గళ్లు: క్లయింటు అన్నది, నేను అన్నది, నేను చేసిన పని పేరు (ప్రశ్న, తిరిగి చెప్పడం, సలహా, ఊరడింపు), బదులుగా అనగలిగింది. పది నిమిషాలకి గంట పైనే పడుతుంది. విసుగు పుడుతుంది, అయినా మన చెవి ఎక్కడ మూసుకుపోయిందో బయటపడేది దీంట్లోనే. మొదట్లో ఎవరిది చూసినా మూడో గడిలో ప్రశ్న, ప్రశ్న, ప్రశ్న, సలహా అని ఉంటుంది.

ఒక ముక్క చూపిస్తాను, ఇది కల్పించిందే. మత్స్యకార గ్రామం నుంచి వచ్చిన ఆవిడ: "మావోడు వెరావల్ ఎల్లి ఎనిమిది నెల్లయింది. డబ్బులు పంపుతన్నాడు. నాకే పేణం బాగుండట్నేదు."

మొదటి జవాబు: "ధైర్యంగా ఉండమ్మా, వచ్చేస్తాడుగా." ఇక్కడితో మాట ఆగిపోతుంది. ధైర్యంగా లేనని చెప్పడానికి ఆవిడకి ఇక చోటు లేదు.

రెండో జవాబు: "ఎందుకు బాగోలేదు?" ఇలా అడిగితే ఆవిడ సంజాయిషీ చెప్పుకోవాలి. "ఏటో" అంటుంది, లేకపోతే నడుం నొప్పి, తల తిరుగుడు వరసగా చెప్తుంది.

మూడోది: "డబ్బుకి లోటు లేదు, ఆయన లేని వెలితి ఒంటిమీద తెలుస్తోంది." ఇది మేలు.

వంశధార_గట్టు

మాస్టారూ, మూడోదాంతో నాకు పేచీ ఉంది. ఆయన లేని వెలితి అని ఆవిడ అనలేదు, మీరన్నారు. మొగుడు ఇంట్లో లేకపోవడమే ఆవిడకి హాయి కావచ్చు, పేణం బాగోనిది అత్తగారితో కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. మొదటి అయిదు నిమిషాల్లో అంత ముందుకి దూకితే, మర్యాదకి "అవునండీ" అంటుంది, ఆ తర్వాత సెషనంతా మీ కథ నడుస్తుంది, ఆవిడది కాదు. మన వైపు ఆడవాళ్లు చదువుకున్నవాళ్ల మాట కాదనరు, అదే ప్రమాదం.

"డబ్బులు వస్తున్నాయి, అయినా పేణం బాగుండట్లేదంటున్నారు" అని ఆవిడ మాటే ఆవిడకి ఇచ్చి, నోరు మూసుకుని అయిదారు సెకన్లు కూర్చోవాలి. కొత్తవాళ్లకి ఆ అయిదు సెకన్లు కూర్చోవడమే చచ్చేంత పని. రికార్డింగ్‌లో మీ మౌనాలు ఎంతెంతసేపున్నాయో గడియారం పెట్టి చూడండి, రెండు సెకన్లు దాటవు.

నాగావళి_మాస్టారు

ఒప్పుకున్నాను. మీ వాక్యమే ఉంచుకోమనండి. మూడోదాన్ని మూడో సెషన్‌కి వాయిదా వేద్దాం.

వంశధార_గట్టు

ఆసుపత్రి వైపు పని గురించి కొంచెం రాస్తాను, సిలబస్‌లో ఇది ఉండదు.

స్కేళ్లు. పీహెచ్‌క్యూ-9 అని డిప్రెషన్‌కి తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ ఆపైన గానీ వస్తే శ్రద్ధ పెట్టాలి, 20 గానీ ఆపైన గానీ వస్తే తీవ్రం. విద్యార్థులు చేసే మొదటి తప్పు: మొత్తం కూడి, 8 వచ్చిందని కాగితం మడిచేయడం. ముందు చూడాల్సింది తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండు అన్న ఆలోచనల గురించినది. మొత్తం 6 వచ్చినా తొమ్మిదోదానికి 1 ఉంటే ఆ రోజు పని అక్కడే మొదలవుతుంది. రెండో తప్పు: చదువురాని వాళ్లకి ప్రశ్న చదివి వినిపిస్తూ, పక్కన కూర్చున్న కొడుకుని "అమ్మకి నిద్ర పడుతోందా?" అని అడగడం. మూడోది: స్కోరుని రోగనిర్ధారణ అనుకోవడం. అది జల్లెడ, అంతే.

ఇప్పుడు మన జిల్లాకే చెందిన చిక్కు. ఉద్దానం కిడ్నీ రోగుల దగ్గర ఇదే పట్టిక పెడితే దాదాపు అందరికీ ఎక్కువే వస్తుంది. నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, మందగొడితనం, అంటే 3, 4, 5, 7, 8 ప్రశ్నలు కిడ్నీ జబ్బు లక్షణాలు కూడా. రక్తహీనత ఒక్కటి చాలు నాలుగో ప్రశ్నకి 3 పడ్డానికి. అందుకని అక్కడ 1, 2 ప్రశ్నలు (దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు), 6 (నేనెందుకూ పనికిరాను అనిపించడం), 9 విడిగా చూడాలి. ఈ నాలుగూ ఎక్కువగా ఉంటే మనసు మాట, మిగతా అయిదే ఎక్కువైతే ముందు డాక్టరుకి చెప్పాల్సిన మాట. రిపోర్టులో రెండు గుంపుల మార్కులు విడివిడిగా రాయండి. డాక్టరు ఒక్క చూపులో పట్టుకుంటారు.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. డయాలసిస్ అంటే ఒక్కో విడత నాలుగు గంటలు, వారానికి రెండు మూడు సార్లు. మనిషి కదలకుండా దొరికాడు కదా అని అప్పుడే కౌన్సెలింగ్ పెట్టేస్తారు. పక్క మంచం మీటరు దూరంలో ఉంటుంది, మధ్యలో గుడ్డ కూడా ఉండదు. అక్కడ యోగక్షేమాలు, మందులు, తర్వాత ఎప్పుడు కలుద్దాం, అంతవరకే. అసలు మాట మిషన్ ఎక్కకముందు అరగంట, వేరే గదిలో. దిగాక వద్దు, ఒంట్లో సత్తువ ఉండదు, తిన్నగా ఆటో వెతుక్కుంటారు. నీళ్లెన్ని తాగాలి, ఉప్పెంత అని అడిగితే నర్సుకో డైటీషియన్‌కో అప్పగించండి. తెలిసినా చెప్పకూడదు.

బొబ్బిలి_వీణ

స్కూళ్లు, జూనియర్ కాలేజీల వైపు కూడా చూడండి. అడిగేవాళ్లు పెరిగేది అక్కడే. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన పక్క నుంచే పుట్టింది. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న విద్యార్థిని మరణం కేసు అది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని, అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని కోర్టు చెప్పింది. సీబీఎస్‌ఈ అయితే అంతకుముందే తన అనుబంధ నిబంధనల్లో కౌన్సెలర్ ఉండాలని పెట్టింది.

ఉద్యోగంలో చేరేటప్పుడు రాయించుకోవాల్సినవి చెప్తాను. మాటల్లో ఒప్పుకుంటే జూన్‌లో ఒప్పుకుని ఆగస్టుకి మర్చిపోతారు. తలుపు మూసుకునే గది, అద్దాల గది కాదు, స్టాఫ్‌రూమ్ మూల కాదు. టీచర్లు సెలవు పెట్టినప్పుడు ఆ పీరియడ్ కౌన్సెలర్ తీసుకోదు. క్రమశిక్షణ విచారణలో కౌన్సెలర్ కూర్చోదు. ఈ మూడోది పట్టుబట్టి రాయించుకోండి. సెల్‌ఫోన్ దొరికిన పిల్లాణ్ని "కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి పద" అని శిక్షలా పంపడం మొదలైందంటే, ఆ గదికి తనంతట తాను వచ్చే పిల్లలు ఆగిపోతారు. హాస్టల్లో మరీనూ.

రికార్డు: హాజరు రిజిస్టర్‌లో పేరు రాయకండి, నంబరు రాయండి. నంబరూ పేరూ కలిపే కాగితం వేరే బీరువాలో. ప్రిన్సిపాల్ అడిగితే నెలకి ఎంతమంది వచ్చారు, ఏ తరహా ఇబ్బందులు, అంతవరకే. పద్దెనిమిది నిండని పిల్లలకి సెషన్లు సాగేటట్టయితే తల్లిదండ్రుల అంగీకారపత్రం కావాలి. అడ్మిషన్ ఫారంతో పాటే సంతకం తీసుకుంటే గొడవ ఉండదు.

గోప్యతకి హద్దులు మొదటి రోజే పిల్లలకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రాణాపాయం ఉందనిపిస్తే, నిన్నెవరైనా తప్పుగా ముట్టుకున్నారని తెలిస్తే, నేను పెద్దవాళ్లకి చెప్పి తీరాలి. చెప్పే ముందు నీకు చెప్తాను." రెండోది మన దయ కాదు, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్. పోలీసుకో ప్రత్యేక బాలల పోలీస్ విభాగానికో తెలియజేయాల్సిందే. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష మనకి. "స్కూలు పరువు పోతుంది, ముందు మేనేజ్‌మెంట్‌తో మాట్లాడదాం" అనే మాట వినబడగానే పిల్లల హెల్ప్‌లైన్ 1098 గుర్తు తెచ్చుకోండి.

బీఈడీ వద్దంది కదా ఆ అమ్మాయి. బీఈడీ ఉన్నవాళ్లకి కూడా ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా అని ఏడాది కోర్సు ఉంటూ వచ్చింది, దక్షిణాదికి మైసూరు కేంద్రం. ఆరు నెలలు ఇంటి దగ్గర చదువు, మూడు నెలలు అక్కడ, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. ఆ ఏటి ప్రకటన వచ్చిందో లేదో చూసుకుని మాట్లాడాలి.

రణస్థలం_రాజు

వారాంతపు డిప్లొమాల సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పండి. శని, ఆదివారాలు కూర్చుంటే హిప్నోథెరపీ, ఎన్‌ఎల్‌పీ, "మాస్టర్ కౌన్సెలర్" మూడు సర్టిఫికెట్లూ బంగారు అంచుతో ఇస్తున్నారు.

కోట_వెనక_వీధి

అంచు బాగుంటే గోడకి బాగుంటుంది. ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు.

పార్వతీపురం_గాలి

మంచి చర్చ. ఒకటి అడుగుతాను. కొండ ఊళ్లలో, ఆ మాటకొస్తే మైదానంలోనూ, చిల్లంగి (చేతబడి) పెట్టారనో అమ్మవారు పూనిందనో ముందు మంత్రాల గురువు దగ్గరికి తీసుకెళ్లి, నాలుగు నెలల తర్వాత మన దగ్గరికి వస్తారు. ఇది క్లాసులో చెప్పరు. కొత్త కౌన్సెలర్ ఏం చేయాలి?

వంశధార_గట్టు

ముందు చేయకూడనిది: "అదంతా మూఢనమ్మకం" అనడం. మర్నాటి నుంచి రారు, గురువు దగ్గరికి మాత్రం వెళ్తూనే ఉంటారు. అడగాల్సినవి అడగండి. మొదట ఏం కనబడింది, ఎన్నాళ్లయింది, గురువు ఏం చేశాడు, ఏం తినిపించాడు, ఏం మానేయమన్నాడు. ఆఖరిది మరీ ముఖ్యం. ఉపవాసం పెట్టించో, డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపించో ఉంటారు. మూర్ఛ మాత్రలు ఠక్కున ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. "పూనకం" అని చెప్పేదాంట్లో నాలుక కరుచుకోవడం, బట్టల్లో మూత్రం పోవడం, తర్వాత గంటసేపు మగత ఉన్నాయంటే మన గదిలో ఆపకుండా డాక్టరు దగ్గరికి పంపాలి.

పూజ చేయించుకుంటామంటే చేయించుకోనివ్వండి, మాత్రలు మాత్రం మానొద్దు, ఈ రెండూ ఒకే వాక్యంలో చెప్పండి. గొలుసుతో కట్టేయడం, కొట్టడం, వాతలు పెట్టడం దగ్గర మాత్రం బేరం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ఏ రూపంలోనూ గొలుసులు వేయకూడదంటుంది. అయితే ఆ ఇంటివాళ్లు క్రూరులై కట్టేయరు, రాత్రి లేచి రోడ్డెక్కిపోతాడని భయపడి కడతారు. ఆ భయానికి ఆ రోజే ఏదో ఒక దారి చూపిస్తేనే గొలుసు ఊడుతుంది. దగ్గరి సర్కారు ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ రోజులు, 108, టెలీమానస్ (మానసిక సాయం ఫోన్ లైను) 14416, విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్లే దారి, కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్తే గుమ్మం దాటేసరికి పోతుంది.

ఆమదాలవలస_అమ్మాయి

ఆత్మహత్య ఆలోచన అని బయటపడితే, పీజీ విద్యార్థిగా నా హద్దు ఎక్కడిదాకా?

నాగావళి_మాస్టారు

ఒంటరిగా మోయకూడదు, అది మొదటి హద్దు. అదే రోజు సూపర్‌వైజర్‌కి ఫోను. కానీ అడగడానికి జంకకూడదు. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఆ తర్వాత: ఎలా అని ఆలోచించారా, దానికి కావాల్సింది ఇంట్లో ఉందా, ఎప్పుడని అనుకున్నారా, ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా.

భద్రతా ప్రణాళిక అని ఆరు మెట్ల కాగితం ఒకటి ఉంది, అది ఆ మనిషి చేత్తోనే, ఆ మనిషి మాటల్లోనే రాయించాలి. ఒకటి, ఆలోచన మొదలవుతున్నట్టు తెలిపే గుర్తులు; రెండు, తనంతట తాను చేసుకోగలిగేవి; మూడు, ధ్యాస మళ్లించే మనుషులు, చోట్లు; నాలుగు, సాయం అడగగలిగే మనుషులు, ఫోన్ నంబర్లతో; అయిదు, వైద్యులు, హెల్ప్‌లైన్లు; ఆరు, ఇంట్లో ప్రమాదకరమైనవి దూరం చేయడం. మన పల్లెల్లో ఆరోదాన్నే మొదట చేయాలి. పురుగుమందు డబ్బాలు ఆ సాయంత్రానికే ఇల్లు దాటాలి. "పైన అటక మీద పెట్టాం" అంటే దూరం చేసినట్టు కాదు. ఎవరింట్లో పెడతారు, ఎవరు తీసుకెళ్తారు, పేరు రాయండి.

మనిషిని ఒంటరిగా ఇంటికి పంపొద్దు. "ఇంకెప్పుడూ అలా చేయనని మాటివ్వు" అని ఒట్టు వేయించుకోవద్దు. అది మన గుండె నిబ్బరానికి పనికొస్తుంది గానీ వాళ్లని ఆపదు. ఇంకోటి, ప్రయత్నించి బతికినవాళ్ల ఇళ్లలో పోలీసు కేసు భయం ఉంటుంది, అందుకే ఆసుపత్రిలో అబద్ధం చెప్తారు. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆ మాట ఇంటివాళ్లకి చెప్పండి.

బొబ్బిలి_వీణ

చిన్న ఊళ్ల బెడద ఇంకోటి ఉంది. క్లయింటు మన పిన్నిగారి తోటికోడలే అయ్యుంటుంది. బంధువులని, ఇంటి పక్కవాళ్లని, మీ ట్యూషన్ పిల్లల తల్లుల్ని తీసుకోకండి, వేరేవాళ్లకి పంపండి. పంపడానికి ముగ్గురు నలుగురి పేర్లు ముందే దగ్గర ఉంచుకోవాలి. మిగతావాళ్లకి మొదటి సెషన్‌లోనే చెప్పండి: "బజార్లో కనబడితే నేను ముందు పలకరించను, కోపం అనుకోకండి. మీరు పలకరిస్తే మామూలుగా మాట్లాడతాను." సిరిమానోత్సవం నాడు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర అరగంట నిలబడితే ఈ వాక్యం విలువ తెలుస్తుంది.

పార్వతీపురం_గాలి

డిజర్టేషన్ గురించి కూడా రెండు ముక్కలు చెప్పండి, మాస్టారూ.

నాగావళి_మాస్టారు

గూగుల్ ఫామ్ స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి, "యువతలో ఒత్తిడి" అని పేరు పెట్టకండి. ఇప్పటికే కావాల్సినన్ని ఉన్నాయి, ఇంటర్వ్యూలో ఎవరూ దాని గురించి రెండో ప్రశ్న అడగరు. చిన్నదైనా మనుషుల దగ్గరికి వెళ్లి చేసింది తీసుకోండి: డయాలసిస్ రోగుల్ని చూసుకునే భార్యలు, వలస కుటుంబాల్లో అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు.

స్కేలు తెలుగులో ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే హక్కుదారు అనుమతి తీసుకుని, ఒకరు తెలుగు చేయాలి, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు సరిచేసి, ఇరవై ముప్పై మంది మీద పెట్టి చూడాలి. అంతర్గత స్థిరత్వం (ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అన్న లెక్క) 0.70కి తగ్గితే ఆ స్కేలుతో ముందుకి వెళ్లొద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి డేటాకి ముందు రావాలి. తర్వాత తీసుకున్న తేదీ వైవాలో దొరికిపోతుంది.

ఆమదాలవలస_అమ్మాయి

అర్థమైంది. రాజుగారన్నట్టు ఫీల్డ్‌వర్క్ తక్కువ ఉంటే వేసవిలో ఆసుపత్రిలో సొంతంగా ఇంటర్న్‌షిప్ పెట్టుకుందామనుకుంటున్నాను. ఎలా అడగాలి?

వంశధార_గట్టు

సర్కారు బోధనాసుపత్రిలో అయితే నేరుగా సైకియాట్రీ ఓపీకి వెళ్లి డాక్టరుగారిని అడిగితే పని కాదు. మీ హెచ్‌ఓడీ లెటర్‌హెడ్ మీద సూపరింటెండెంట్‌కి ఉత్తరం, సైకియాట్రీ విభాగాధిపతికి కాపీ. అందులో తేదీలు, రోజుకి ఎన్ని గంటలు, ఏం చేస్తారు (కేస్ హిస్టరీ తీసుకోవడం, మానసిక స్థితి పరీక్ష దగ్గరుండి చూడటం, కుటుంబంతో మాట్లాడటం), ఏం చేయరు (మందుల సలహా, రోగ నిర్ధారణ, ఫోటోలు) స్పష్టంగా ఉండాలి. బోనఫైడ్, ఐడీ కాపీ, రెండు ఫోటోలు జత చేయండి. మీరు అడిగిన తేదీకి నెల ముందే ఇవ్వండి. ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి, అది లేకుండా వెళ్లిన ఉత్తరం ఏ బల్ల మీద ఉందో ఎవరికీ తెలీదు.

లాగ్‌బుక్ మొదటి రోజే మొదలుపెట్టండి: తేదీ, వచ్చిన టైము, వెళ్లిన టైము, చూసిన కేసులు నంబర్లతో, పేర్లు వద్దు, సూపర్‌వైజర్‌తో మాట్లాడిన నిమిషాలు. ప్రతి శనివారం సంతకం. నెలాఖరుకి ఒకేసారి చేయించుకుందామంటే ఆ డాక్టరుగారు సెలవులో ఉంటారు.

సర్టిఫికెట్ "సంతృప్తికరంగా పూర్తి చేశారు" అన్న ఒక్క వాక్యంతో ఇస్తారు. అది తీసుకుని వచ్చేయకండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ, మొత్తం గంటలు, అందులో సూపర్‌విజన్ గంటలు, ఏ విభాగం, సూపర్‌వైజర్ పేరు, హోదా, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న నమూనా మీరే టైపు చేసి పట్టుకెళ్లండి. టైపు చేసి తెచ్చింది ఎవరైనా సంతకం పెడతారు.

ఆమదాలవలస_అమ్మాయి

సోమవారం హెచ్‌ఓడీ మేడమ్‌ని కలుస్తాను. నమూనా టైపు చేసి ఇక్కడే పెడతాను, దిద్దిపెట్టండి.